దుల్మా డేరాలో అతిథులు

మా థియేటర్ కోట్ల గదిలో దుల్మాకి టోకెన్లతో పనిలేదు. మనిషి మొహం చూసి కోటు తీసి ఇచ్చేది. నాటకం అయిపోగానే మూడొందల మంది ఒక్కసారిగా కౌంటర్ మీద పడతారు. నేను టోకెన్ మీద అంకె చదివి, కొక్కెం వెతికి, తప్పు కోటు తెచ్చి, తిట్లు తిని, మళ్ళీ లోపలికి వెళ్ళేలోపు దుల్మా పదిమందిని సాగనంపేది. "టోకెన్ అక్కడ పడేయండి. మీది నక్కతోలు టోపీ, గోధుమరంగు కోటు, సంచిలో బ్రెడ్డు. ఇదిగో" అనేది. సంచిలో ఏముందో అందరి ముందూ చెప్పడం ఎందుకే అని నేను విసుక్కునేదాన్ని. చెప్పకపోతే బ్రెడ్డు మర్చిపోతారక్కా అనేది.

మా ఊరు ఉలాన్‌బాతర్ చలికి మనుషులు ఎంత తొడుక్కొస్తారో అంతా మా ఇద్దరి చేతుల మీదుగానే పోవాలి. అలా పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన నిలబడి మోశాం. దుల్మా పొట్టి మనిషి, బుగ్గలు చలికి పగిలి ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పెళ్ళెందుకు చేసుకోలేదే అంటే, "కోట్లు పట్టుకెళ్ళేవాళ్ళే గానీ నన్ను పట్టుకెళ్ళేవాడు కౌంటర్ దగ్గరికి రాలేదక్కా" అని నవ్వేసేది. తల్లి ఖోర్లోతో ఊరి చివర కొండవాలు మీద ఉండేది. ఒకే గది, ఒకే తలుపు, నడుమ పొయ్యి ఉన్న గుండ్రటి ఉన్ని డేరా వాళ్ళది. పుట్టింది అందులోనే, తల్లి పోయేదాకా బతికిందీ అందులోనే.

ఆ తల్లి చివరి నాలుగేళ్ళూ ఒక్కొక్కటే మర్చిపోతూ వచ్చింది. ముందు టీలో ఉప్పు రెండుసార్లు వేసింది. తర్వాత టీ పొయ్యి మీద పెట్టి ఆ సంగతే మర్చిపోయింది. ఆఖరికి కూతుర్నే మర్చిపోయి 'మీరు' అనడం మొదలుపెట్టింది. "మీ ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తుంటారేమోనమ్మా, పొద్దుపోతోంది" అని కన్నకూతుర్ని సాగనంపబోయేది. దుల్మా బయటికెళ్ళి, డేరా చుట్టూ ఒక చుట్టు తిరిగి, చుట్టంలా మళ్ళీ లోపలికి వచ్చేది. ఇదంతా కోట్లు తగిలిస్తూ నవ్వుతూనే చెప్పేది. నవ్వుతూ చెప్పిందని నేనూ నవ్వేదాన్ని. నాకు అంతే బుద్ధి ఉండేది.

తల్లి పోయాక ఆ కొండవాలు మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. దుల్మాకి తొమ్మిదో అంతస్తులో ఒక గది వచ్చింది. డేరా విప్పి, కట్టి, దక్షిణాన గోబీ ఎడారిలో ఉన్న తమ్ముడి కొడుక్కి పంపించేసింది. అతను కొత్త గుడ్డ కప్పి, కొత్త మంచాలు వేసి, టీవీ పెట్టుకున్నాడు. పాత డేరా అనేది ఇక దుల్మా తలలోనే మిగిలింది.

రోజూ బస్సులో గంట ప్రయాణం. దుల్మా కళ్ళు మూసుకుని ఆ డేరాకి వెళ్ళొచ్చేది. ఇది నాతో ఒక్కసారే చెప్పింది, అదీ సిగ్గుపడుతూ. తలుపు తోసి, గడప తొక్కకుండా కుడికాలు లోపల పెట్టి, పొద్దు తిరిగే వైపుగా ఎడమనుంచి నడుస్తుందట. నీళ్ళ పీపా, నాన్న జీను, పెట్టె, దేవుడి అర, అమ్మ మంచం, గిన్నెల అలమర. పొయ్యి పక్కన చిన్న పీట మీద జబ్బు పడకముందు అమ్మ. గరిటెతో టీ పైకెత్తి పోస్తూ, "ఇవాళ ఎంతమంది వచ్చారే నాటకానికి?" అని అడుగుతుందట. నేను మూడో స్టాపులో ఎక్కేసరికి దుల్మా కళ్ళు మూసుకునే ఉండేది. లేపేదాన్ని కాదు.

ఇదెర్ అనే కుర్రడాక్టరు మా కౌంటర్ దగ్గరికి వచ్చింది అలాంటి చలికాలంలోనే. మెదడు మీద పరిశోధన చేస్తున్నాడట. టోకెన్ చూడకుండా కోటిచ్చిన దుల్మాని నోరు తెరుచుకుని చూశాడు.

"అక్కా, మాకు మామూలు మనుషులు కావాలి. ఎనిమిది వారాలు జ్ఞాపకం పెట్టుకునే పద్ధతి ఒకటి నేర్పిస్తాం. ముందోసారి, మధ్యలోసారి, చివరోసారి తల స్కాన్ తీస్తాం. ముసలితనంలో మతిమరుపు వచ్చేవాళ్ళకి ఇది పనికొస్తుందేమో చూడాలని."

నేను అడ్డుపడ్డాను. "మామూలు మనిషి కావాలంటే నన్ను తీసుకెళ్ళు నాయనా. నిన్న తిన్నదేంటో నాకు గుర్తులేదు."

దుల్మా మాత్రం అతన్ని ఒకటే అడిగింది. "మా అమ్మకి వచ్చింది నాకు రాకుండా ఉంటుందా?"

"అంత మాట చెప్పలేనక్కా. తెలుసుకుందామనే చేస్తున్నాం."

అంత నిజాయితీగా చెప్పినవాడికి కాదనలేకపోయింది. మర్నాడే వెళ్ళి పేరిచ్చింది.

పద్ధతి సులువే. కళ్ళు మూసుకున్నా తిరగగలిగే చోటు ఒకటి ఎంచుకోవాలి. గుర్తుంచుకోవాల్సిన మాటల్ని వరసగా ఒక్కో మూల ఒక్కోటి పెట్టాలి. మళ్ళీ ఆ చోట నడుచుకుంటూ వెళితే పెట్టినవన్నీ పెట్టినచోటే కనిపిస్తాయి. సర్వేయరుగా చేసి రిటైరైన ఒకాయన ఇంటినుంచి బజారుకెళ్ళే రోడ్డు ఎంచుకున్నాడు. ఒకామె చదువుకున్న బడి ఎంచుకుంది. దుల్మా ఏం ఎంచుకుందో చెప్పక్కర్లేదు. ఎనిమిది వారాలూ చోటు మార్చకూడదని ఇదెర్ ముందే చెప్పాడు. మారిస్తే స్కాన్‌లు ఒకదానితో ఒకటి పోల్చడానికి ఉండదట.

మొదటి మాట మొసలి. "అది మీ మంచం కొరికేస్తున్నట్టు ఊహించుకోండక్కా. ఎంత వింతగా, ఎంత పాడుగా ఉంటే అంత గట్టిగా అంటుకుంటుంది" అన్నాడట ఇదెర్.

"ఇంటికొచ్చినదాన్ని అలా ఊహించుకుంటే ఏం బాగుంటుంది? టీ ఇస్తాను."

"మొసలికా?"

"గడప దాటి లోపలికొచ్చాక మొసలైతేనేం, మునిసిపాలిటీ వాడైతేనేం?"

అతను నవ్వి సరే అన్నాడు. మా వాళ్ళలో సరిగ్గా పెరిగిన ఆడది ఎవరైనా అదే పని చేస్తుంది. డేరాలోకి వచ్చినవాడి పేరు అడగడానికి ముందు చేతిలో కప్పు పెట్టాలి. దుల్మా మొసలిని మగవాళ్ళు కూర్చునే పడమటి వైపు కూర్చోబెట్టింది. పోలీసుని పెద్దమనిషని పై చోట దేవుడి అర ముందు కూర్చోబెట్టింది. పుచ్చకాయకీ, నిచ్చెనకీ, పళ్ళ డాక్టరుకీ ఎవరి స్థాయి వాళ్ళకి చూసి చోటిచ్చింది. అందరికీ టీ. టీ పోసేది ఇంకెవరు, అమ్మే. పీట మీదనుంచి లేచి, కుడిచెయ్యి మోచేతి కింద ఎడమచెయ్యి పెట్టి, మర్యాదగా ఒక్కొక్కరికీ అందించేది. కప్పు అందుకున్నవాడు దుల్మా తలలోంచి జారిపోయేవాడు కాదు.

స్కాన్ గదినుంచి వచ్చిన రోజు మాత్రం మొహం పాలిపోయి ఉంది. "తల మీద బోను లాంటిది బిగించారక్కా. సొరంగంలోకి తోశారు. గుటక వేసినా ఫోటో పాడవుతుందట. చెవుల పక్కన సుత్తులు మోగుతున్నట్టు మోత. తప్పించుకోవడానికి నాకు తెలిసిన చోటు ఒక్కటే కదా, డేరాలో దూరాను. అమ్మ టీ పోస్తూనే ఉంది, నేను తిరుగుతూనే ఉన్నాను" అంది.

మొదట్లో నలభై మాటల్లో పద్నాలుగే చెప్పగలిగిన మనిషి నాలుగో వారానికి అరవైకి అరవై చెప్పేసింది. డేరాలో ఉన్నవి ఇరవై చోట్లే. ఒక్కో చోట ముగ్గుర్ని సర్ది కూర్చోబెట్టింది. అందరికంటే ముందుంది. ఇదెర్ సంబరం అంతా ఇంతా కాదు. ఇక నా సంగతి చెప్పాలా? నటుల్ని, మేకప్ వాళ్ళని, ఆఖరికి డైరెక్టరుని కూడా కౌంటర్ దగ్గరికి లాక్కొచ్చి, "మాటలు చెప్పండి, మా దుల్మా అప్పజెబుతుంది" అని జాతరలో కోతిని ఆడించినట్టు ఆడించాను. తన పేరు పేపర్లో వస్తుందని ఊరంతా చాటాను.

అయిదో వారంలో ఒకరోజు బస్సు ఎక్కేసరికి దుల్మా కళ్ళు తెరుచుకుని, కిటికీ అద్దం మీద పేరుకున్న మంచు గోటితో గీకుతోంది.

"ఏమే, ఇవాళ ఇంటికి వెళ్ళలేదా?"

"వెళ్ళలేకపోతున్నానక్కా. చోటు లేదు."

"చోటు లేకపోవడమేంటే?"

"ఎవరూ లేచి వెళ్ళట్లేదు. మొదటి రోజు వచ్చిన మొసలి ఇంకా అక్కడే ఉంది. పోలీసు అక్కడే ఉన్నాడు. అమ్మ మంచం మీద పియానో. ఇవాళ కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళ ఒళ్ళో కూర్చోబెడుతున్నాను. అమ్మ అందరికీ పోస్తూనే ఉంది. నన్ను చూడట్లేదక్కా. వీపే కనిపిస్తోంది. 'అమ్మా' అంటే కప్పు అందిస్తోంది, మొహం ఎత్తట్లేదు."

"మిగతావాళ్ళకీ ఇంతేనా?"

"సర్వేయరుగారు నిన్నటివి తుడిచేసుకుంటాడట. రోడ్డే కదా, ఇంకో సందులోకి తిరుగుతాడు. నాది గుండ్రటి డేరా. ఒక చుట్టు తిరిగితే మళ్ళీ అదే తలుపు. అయినా పిలిచి టీ ఇచ్చి, ఇక వెళ్ళండి అని ఎలా అంటానక్కా? నోరెలా వస్తుంది?"

ఆ మధ్యాహ్నమే ఇదెర్‌కి ఫోన్ చేసింది. అతను మంచివాడే, భయపెట్టలేదు. పాత మాటలు అలా దయ్యాల్లా పట్టుకుని ఉండటం మామూలేనట. పని అయిపోయాక మూడునెలలు ఆ చోటికి వెళ్ళకుండా వదిలేస్తే వాటంతటవే వెలిసిపోతాయట. ఇష్టం లేకపోతే ఈ క్షణమే మానేయొచ్చని, కారణం కూడా చెప్పక్కర్లేదని సంతకం పెట్టిన కాగితంలోనే రాసి ఉందని గుర్తుచేశాడు. ఆ వెంటే, ఈ బృందంలో ఇప్పటికే ముగ్గురు మానేశారని, ఇంకొకరు పోతే తమ నాలుగేళ్ళ పరిశోధన లెక్క నిలబడదని కూడా అన్నాడు. పాపం, అడగకుండా ఉండలేకపోయాడు.

"అమ్మని చూడకుండా ఉండలేనక్కా. మానేస్తాను" అంది దుల్మా ఫోన్ పెట్టేసి.

ఆ తర్వాతి మాట నాది. ఇన్నాళ్ళైనా నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది. "మూడు వారాలు ఓర్చుకోలేవా? ఊరంతా చెప్పాను. కోట్ల గది ఆడవాళ్ళకి ఇంతకంటే చేతకాదనుకుంటారు. రేపు మీ అమ్మ జబ్బు నీకే వస్తే అప్పుడేం చూస్తావు, ఎవర్ని చూస్తావు?"

దుల్మా మానలేదు. చివరి స్కాన్‌లో డెబ్బై రెండు మాటలూ తప్పు లేకుండా చెప్పింది. ఆ రోజు అమ్మ వీపు కూడా కనిపించలేదని, కప్పు అందించే చేతులు మాత్రమే కనిపించాయని నాకు చెప్పింది. ఇదెర్ ఇచ్చిన సర్టిఫికెట్‌ని నేనే కోట్ల గదిలో మేకు కొట్టి తగిలించాను.

ఆ తర్వాత మూడునెలలు. జైలు శిక్ష పడినవాళ్ళని కూడా ఇంటినుంచి ఎవరో ఒకరు వచ్చి చూసిపోతారు. దుల్మా తన తలలో ఉన్న ఇంటికే తాను వెళ్ళకూడదు. వెళితే మళ్ళీ ఆ మాటలు గట్టిపడతాయి. బస్సులో కళ్ళు మూతపడబోతే గిల్లుకునేది. రోడ్డు పక్క బోర్డులన్నీ పైకి చదివేది. నాకు ఇష్టం లేని కబుర్లు కూడా నన్ను చెప్పమనేది. కోటు తగిలించబోయి కొక్కెం దగ్గర ఆగిపోయేది.

"ఏమైంది?"

"మనసు దానంతటదే డేరా తలుపు దాకా తీసుకెళ్ళిపోతోందక్కా. లోపలికి వెళ్ళలేదు. బయటే నిలబడ్డాను. లోపల కప్పుల చప్పుడు."

పైకి కోట్లు ఇస్తూనే ఉంది, తప్పులు లేవు. కానీ మనిషి నవ్వడం మానేసింది. మధ్యాహ్నం నేను వేయించి తెచ్చిన మాంసం ఖూషూర్ ఒక ముక్క కొరికి పక్కన పెట్టేది. ఒకసారి కోపం పట్టలేక, "చచ్చిన మనిషి కోసం బతికున్న నన్ను చంపుతున్నావే" అనేశాను. "ఆమె చచ్చిపోయింది కొండ మీదక్కా, నా తలలో ఉన్న డేరాలో కాదు" అంది. తలుపు బయట నిలబెట్టిన పిల్లలా ఉంది. నిలబెట్టినదాన్ని నేనే.

రెండో నెల దాటాక ఒకరోజు తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "చప్పుడు తగ్గిందక్కా" అంది. ఇంకో మూడు వారాలకి మొహం వెలిగిపోతూ వచ్చింది. "అసలు చప్పుడే లేదు. అందరూ వెళ్ళిపోయినట్టున్నారు. అమ్మ ఒక్కతే ఉండుంటుంది, అలిసిపోయి కూర్చుని ఉంటుంది."

"మరి వెళ్ళి చూసుకోరాదూ?"

"ఇంకో వారమేగా. ఇదెర్ మళ్ళీ ఒకసారి స్కాన్ తీస్తానన్నాడు, ఎన్ని మాటలు మిగిలాయో చూడ్డానికి. అప్పటిదాకా వెళ్ళొద్దన్నాడు. ఇంతకాలం ఆగినదాన్ని, ఆ రోజే వెళతాను." తల్లికి చెప్పాల్సినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. థియేటర్‌కి కొత్త తెర వచ్చింది. నాకు మోకాలి నొప్పి. గోబీలో తమ్ముడి కొడుక్కి ఆడపిల్ల.

ఆ రోజు నేనూ తోడు వెళ్ళాను. వసంతకాలపు దుమ్ముగాలి, కళ్ళు తెరవనివ్వలేదు. దుల్మా మాత్రం పండక్కి వెళ్ళినట్టు నీలం పట్టు డేల్ అంగీ వేసుకొచ్చింది. గుండీలు లోహమని అక్కడ విప్పించేశారు. ఆసుపత్రి గౌను, కాళ్ళకి ఒంటె ఉన్ని మేజోళ్ళు. తల మీద బోను బిగించి, చేతిలో రబ్బరు బంతి పెట్టారు. భరించలేకపోతే నొక్కితే చాలు, వెంటనే బయటికి తీసేస్తారు.

నన్ను అద్దానికి ఇవతల ఇదెర్ పక్కన కూర్చోబెట్టారు. సొరంగం మొదట్లో మేజోళ్ళు తప్ప దుల్మా కనిపించడం లేదు. గొంతు స్పీకర్లో వినిపిస్తోంది.

"అక్కా, ఇప్పుడు మీ చోటికి వెళ్ళండి. తలుపు దగ్గరనుంచి ఎప్పటిలాగే తిరగండి. నేనడిగిన చోట ఏం కనిపిస్తే అది చెప్పండి. గుమ్మం దగ్గర?"

"ఏమీ లేదు." గొంతులో సంతోషం.

"నీళ్ళ పీపా దగ్గర?"

"నీళ్ళ పీపానే ఉంది. మూత మీద చిప్ప."

"మొసలి?"

"పోయింది." నవ్వింది. ఇదెర్ కూడా నవ్వి, కాగితం మీద సున్నా పెట్టాడు.

జీను, పెట్టె, దేవుడి అర, మంచం. పోలీసు లేడు, పియానో లేదు. ఒక్కొక్క చోటికీ ఒక్కో సున్నా. దుల్మా గొంతు మాత్రం క్రమంగా తొందరపడుతోంది. ఇతను అడగకముందే తర్వాతి చోటు చెప్పేస్తోంది. గిన్నెల అలమర, ఖాళీ. పిడకల పెట్టె, ఖాళీ.  ఎక్కడికి పరిగెడుతోందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

"పొయ్యి దగ్గర?"

ఇదెర్ మళ్ళీ మీట నొక్కాడు.

"అక్కా, వినిపిస్తోందా? పొయ్యి దగ్గర ఏముంది?"

"పొయ్యి ఉంది."

"ఇంకా?"

"పీట ఉంది."

"పీట మీద?"

ఇదెర్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మైకు పాడైందేమోనని ఒకసారి తట్టి చూశాడు.

"ఎవరూ లేరు" అంది దుల్మా.

"ఇరవైకి ఇరవై ఖాళీ!" ఇదెర్ నా వైపు తిరిగి, సున్నాల వరస చూపించాడు. "ఇంత శుభ్రంగా ఇంకెవరికీ పోలేదు పెద్దక్కా. ఒక్క మాట కూడా మిగల్లేదు." వాడి కళ్ళల్లో నిజంగానే ఆనందం. మీట నొక్కి మైకులో, "చాలా బాగా చేశారక్కా. ఇంక చివరి ఫోటోలే. ఎనిమిది నిమిషాలు. ఏమీ ఆలోచించకుండా ఆ చోటులోనే ఉండండి" అన్నాడు.

ఆపరా నాయనా, బయటికి తియ్యి అని నేను అనాలి. ఏమని చెప్పను? ఆ పీట మీద ఎవరుండాలో, వెళ్ళిపోయిన అతిథులతో కలిసి ఎవరు వెళ్ళిపోయారో వాడికి చెబితే ఆ కుర్రాడు ఏమైపోతాడు? ఆ రోజు మానేస్తానన్నదాన్ని మాననివ్వనిది వాడు కాదు, నేను.  సుత్తుల మోత మొదలైంది. దుల్మా చేతిలో బంతి ఉంది. నొక్కుతుందని చూశాను. మేజోళ్ళు వేసుకున్న ఆ పాదాల మీదే ఎనిమిది నిమిషాలూ కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. దుల్మా నొక్కలేదు.

ఫోటోలు అద్దంలా వచ్చాయని, తల వెంట్రుకవాసి కూడా కదపని మనిషిని ఇంతవరకూ చూడలేదని తర్వాత ఇదెర్ నాతో అన్నాడు.